మౌసు పక్కన పెట్టి ఒక బిల్లు కొట్టి చూడండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. 12 మంది పనిచేసే మీ విజయవాడ కంపెనీ మందుల హోల్‌సేల్ వ్యాపారులకు బిల్లింగ్, స్టాకు, జీఎస్‌టీ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తోంది. రెండేళ్ల కిందట దాన్ని డెస్క్‌టాప్ నుంచి బ్రౌజరులోకి మార్చారు. ఇప్పుడు ఒక పాత కస్టమరు చూపు లేని అకౌంటెంటును ఉద్యోగంలోకి తీసుకుని, 'మీ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడరుతో పనిచేస్తుందా?' అని అడిగారు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామే స్క్రీన్ రీడరు. మీ యజమాని ఏదో విడ్జెట్, అంటే పేజీకి బయటి నుంచి తగిలించే రెడీమేడ్ స్క్రిప్టు, కొని అతికిస్తే సరిపోతుందంటున్నారు. చట్టం ఏం చెబుతోంది, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని మీ ప్రశ్నలు.

విడ్జెట్ సంగతి ముందే తేల్చేస్తాను: కొనకండి. ఎందుకో తరువాత చెబుతాను.

నేను ఇరవై ఏళ్లుగా ఇలాంటి సాఫ్ట్‌వేరే రాస్తున్నాను. మొదటి పన్నెండేళ్లు ఈ విషయం నా బుర్రకెక్కలేదు. ఎక్కించింది మా సొంత పొరపాటు. మా సాఫ్ట్‌వేర్ వాడే ఒక డిస్ట్రిబ్యూటరు దగ్గర చూపు లేని అకౌంటెంటు ఒకాయన ఉండేవారు. ఏనాడూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఆయనకు అంతా సజావుగా ఉందనుకున్నాం. ఒకసారి అప్‌డేట్ పంపిన మర్నాడు మధ్యాహ్నం ఆయన ఫోను చేసి, పొద్దుటి నుంచి కొట్టిన పదకొండు బిల్లులూ కనిపించడం లేదన్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాను. స్క్రీన్ రీడరు మా తెర పైభాగంలోని బొమ్మల వరుసను చదువుతోంది: 'బటన్, బటన్, బటన్, బటన్, బటన్.' అంతే. సేవ్‌కు ఫ్లాపీ బొమ్మ, రద్దుకు చెత్తబుట్ట, ప్రింటుకు ప్రింటరు పెట్టి మేము మురిసిపోయాం గానీ, ఒక్కదానికీ పేరు పెట్టలేదు. ఆయన లెక్కపెట్టుకుని గుర్తుంచుకున్నారు. మూడోది రద్దు, నాలుగోది సేవ్. కొత్త అప్‌డేట్‌లో మేము వాట్సాప్‌లో పంపే బటనును అన్నిటికంటే ముందు చేర్చాం. అన్నీ ఒక అడుగు వెనక్కి జరిగాయి. ఆయన నమ్మకంగా నాలుగోది నొక్కారు, పదకొండుసార్లు రద్దయింది. సేవ్ అయినా రద్దయినా తెర ఖాళీ అవుతుంది. తేడా చెప్పేది పైన మూడు సెకన్లు మెరిసి మాయమయ్యే రంగు పట్టీ ఒక్కటే. అది ఆయనకు లేనట్టే.

ఆయన కోప్పడలేదు. 'బటన్లు కదిపేటప్పుడు ముందుగా ఒక మాట చెప్పండి సార్' అన్నారు. రెండేళ్లు ఆయన మా సాఫ్ట్‌వేరును అలా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వాడారని నాకు ఆ రోజు దాకా తెలియదు.

అప్పటి నుంచి నా కొలత ఒక్కటే: ఆ ఉద్యోగి పక్క సీటువాళ్లను పిలవకుండా ఒక పూట పని పూర్తి చేయగలరా? వెబ్ పేజీలు దివ్యాంగులకూ అందేలా ఉండటానికి డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దాని 2.2 వెర్షను 2023 అక్టోబరులో వచ్చింది, అందులోని మూడు స్థాయుల్లో మధ్యదైన డబుల్ ఏను గురి పెట్టుకోవాలి, అదంతా నిజమే. కానీ ఆ పత్రాన్ని తెచ్చి మీ డెవలపర్ల ముందు పరిస్తే రెండు రోజుల్లో అందరూ నీరుగారిపోతారు. ఒక పని ఎంచుకోండి. మీ విషయంలో అది అమ్మకం బిల్లు. పార్టీని వెతకడం, మందు వెతకడం, బ్యాచి ఎంచుకోవడం, పరిమాణం వేయడం, సేవ్, ప్రింటు. ఈ దారి మొదటి నుంచి చివరి దాకా తెరుచుకున్నాకే రెండో పనికి వెళ్లండి.

సోమవారం పొద్దున ఆఫీసులో అందరి మౌసులూ తీసి ఒక డబ్బాలో వేయండి. ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, బాణాలు, ఎంటర్, స్పేస్, ఎస్కేప్ కీలతోనే ఒక బిల్లు కొట్టమనండి. పది నిమిషాల్లో సగం జబ్బులు బయటపడతాయి. నిజానికి ఇది మన పాత విద్యే. మన అకౌంటెంట్లు టాలీలో ఎఫ్8 నొక్కి సేల్స్ వోచరు, ఎఫ్9 నొక్కి పర్చేజు తెరిచి, తెర వైపు చూడకుండా ఎంట్రీలు వేసేవాళ్లు. డాస్ కాలం బిల్లింగ్ ప్రోగ్రాముల్లో మౌసు అన్నదే లేదు. బ్రౌజరులోకి వచ్చాక అందంగా ఉండాలని మనమే ఆ దారి మూసేశాం. కీబోర్డు బాగుచేస్తే చూపు లేనివారితో పాటు మీ పాత కస్టమర్లందరూ సంతోషిస్తారు. ఈ మాట మీ యజమానికి తప్పకుండా చెప్పండి. ఆయనకు రుచించే వాదన ఇదే.

మీకు కనిపించబోయేవి నేను ఇక్కడి నుంచే చెప్పగలను. బటనులా కనిపించేవి చాలా వరకు బటన్లు కావు, 'డివ్' అనే ఉత్త పెట్టె ట్యాగుకు క్లిక్ తగిలించినవి. ట్యాబ్ వాటి మీద ఆగదు, ఎంటర్ పనిచేయదు. వాటిని నిజమైన బటన్ ట్యాగులుగా మార్చండి, ఆ రెండూ ఉచితంగా వచ్చేస్తాయి. ఇప్పుడు ఏ పెట్టెలో ఉన్నామో చూపించే గీతను ఎవరో డిజైనరు అసహ్యంగా ఉందని, పేజీ రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్‌లో తీసేసి ఉంటారు. తిరిగి పెట్టండి, ఇంకాస్త లావుగా పెట్టండి. కొత్త పార్టీ చేర్చే కిటికీ తెరిస్తే కర్సరు దాని లోపలికి వెళ్లాలి, ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి, మూసుకున్నాక ఏ బటను నుంచి తెరిచారో అక్కడికే తిరిగి రావాలి. పేజీని రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న డైలాగ్ ట్యాగును మోడల్‌గా, అంటే వెనక పేజీని ఆపేసి, తెరిస్తే ఇందులో చాలా భాగం బ్రౌజరే చూసుకుంటుంది. సొంతంగా రాసుకున్న కిటికీల్లో కర్సరు వెనకాల మసకబారిన పేజీలో తిరుగుతూ ఉంటుంది. కళ్లు ఉన్నవాళ్లకే అది వింత, లేనివాళ్లకు అడవి.

తరువాత పేర్లు. ప్రతి బటనుకూ, ప్రతి పెట్టెకూ చదవగలిగే పేరుండాలి. బొమ్మ పక్కనే 'సేవ్' అన్న మాటను కనిపించేలా రాయడం అన్నిటికంటే మంచిది. కొత్తగా చేరిన గుమాస్తాకూ అది ఉపయోగమే. చోటు లేకపోతే మాటను కంటికి మాత్రమే దాచే సీఎస్‌ఎస్ వాడండి, లేదా ఆరియా (స్క్రీన్ రీడరు కోసం ట్యాగులకు తగిలించే అదనపు వివరాలు) లేబుల్ ఇవ్వండి. 'డిస్‌ప్లే నన్' పెట్టి దాస్తే స్క్రీన్ రీడరుకూ దాగిపోతుంది, ఈ తప్పు నేనే రెండుసార్లు చేశాను. పెట్టె లోపల లేత బూడిద రంగులో 'పార్టీ పేరు' అని రాసి అదే లేబుల్ అనుకోవడం ఇంకొక దురలవాటు. మొదటి అక్షరం కొట్టగానే అది మాయమవుతుంది. ఇక ఆరియా గురించి: హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న ట్యాగు సరిపోయే చోట ఆరియా వాడకూడదన్నది దాని మొదటి నియమమే. తెలిసీ తెలియక చల్లిన ఆరియా, లేకపోవడం కంటే ఎక్కువ హాని చేస్తుంది. బటనును లింకు అనీ లింకును మెనూ అనీ అబద్ధాలు చెబుతుంది.

తప్పుల సందేశాలకు వద్దాం. మీ సాఫ్ట్‌వేరులో జీఎస్‌టీ నంబరు తప్పు కొడితే ఏమవుతుంది? పెట్టె అంచు ఎర్రగా మారి, పైన మూల 'చెల్లని ఎంట్రీ' అని మెరిసి పోతుందని పందెం కాస్తాను. దీన్ని మా దగ్గర ఇలా మార్చాం. సేవ్ నొక్కగానే కర్సరు మొదటి తప్పు పెట్టెలోకి వెళుతుంది. ఆ పెట్టెకు ముడివేసిన వాక్యాన్ని స్క్రీన్ రీడరు చదువుతుంది: 'జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలుండాలి, మీరు 14 కొట్టారు.' రాష్ట్రం కోడు కుదరకపోతే 'నంబరు 36తో మొదలైంది, అది తెలంగాణ కోడు. పార్టీ చిరునామా ఆంధ్రప్రదేశ్ అని ఉంది, దాని కోడు 37' అంటుంది. వాక్యం తెర మీద కూడా ఉంటుంది, సరిదిద్దేదాకా పోదు. సేవ్ అయితే 'బిల్లు 2417 సేవ్ అయింది, మొత్తం 8,640 రూపాయలు' అని లైవ్ రీజియన్ (అందులో మాట మారగానే స్క్రీన్ రీడరు చదివే భాగం) ద్వారా వినిపిస్తుంది. ఈ ఒక్క మార్పుతో మా హెల్ప్ డెస్కుకు వచ్చే ఫోన్లు తగ్గాయి. ఆ ఫోన్లు చేసేవాళ్లలో చూపు లేనివారు ఇద్దరో ముగ్గురో, మిగతా అందరూ చూపున్నవాళ్లే.

అసలు కష్టం గ్రిడ్ దగ్గర, అంటే అడ్డు నిలువు వరుసల పట్టిక దగ్గర ఉంది. వ్యాపార సాఫ్ట్‌వేర్ అంటేనే గ్రిడ్, అక్కడే ఎక్కువ కాలం ఖర్చు పెట్టండి. బిల్లులోని వరుసలో మందు పేరు, బ్యాచి, గడువు, ఎంఆర్‌పీ, రేటు, పరిమాణం, ఉచితం, డిస్కౌంటు ఉంటాయి. చూపున్నవాళ్లు '12' అన్న అంకెను చూసి, కన్ను పైకెత్తి అది ఏ నిలువు వరుసో తెలుసుకుంటారు. చెవితో పనిచేసేవాళ్లకు '12, ఎడిట్' అని మాత్రమే వినిపిస్తే అది పరిమాణమో డిస్కౌంటో ఎలా తెలుస్తుంది? ప్రతి గడికీ తన పేరు ఉండాలి: 'పారాసెటమాల్ 650, పరిమాణం, 12.' మామూలు టేబుల్ ట్యాగు, శీర్షిక గడులు, వాటిలో ఇన్‌పుట్ పెట్టెలు వాడితే ఇది తేలిక. మీరు ఏదైనా గ్రిడ్ లైబ్రరీ వాడుతుంటే ఒక ఉచ్చు ఉంది. వేగం కోసం అవి తెర మీద కనిపించే ముప్పై వరుసలనే పేజీలో ఉంచి, కిందికి జరిపేకొద్దీ మారుస్తాయి. 400 వరుసల స్టాకు జాబితాను స్క్రీన్ రీడరు ముప్పై వరుసలదిగా చెబుతుంది. మొత్తం ఎన్ని వరుసలు, ఇప్పుడున్నది ఎన్నోది అన్నవి ఆరియాతో విడిగా చెప్పాలి. ఆరియా నిజంగా అవసరమైన చోట్లలో ఇదొకటి. లైబ్రరీ కొనేముందు వాళ్ల నమూనా పేజీని మీరే స్క్రీన్ రీడరుతో విని చూడండి, బ్రోచరులో రాసింది నమ్మకండి.

మందు పేరు వెతికే పెట్టె కూడా గ్రిడ్ లోనిదే. 'అమా' అని కొట్టగానే కింద జాబితా రాలుతుంది. అది రాలిందని చెవికి చెప్పాలి: '4 మందులు దొరికాయి.' కింది బాణం నొక్కితే ఒక్కొక్కటీ చదవాలి, పేరుతో పాటు స్టాకు ఎంత ఉందో కూడా. ఎస్కేప్ నొక్కితే జాబితా పోవాలి, కొట్టిన అక్షరాలు పోకూడదు. ఎంటర్ నొక్కితే తరువాతి పెట్టెకు వెళ్లడం మన అకౌంటెంట్ల వేళ్లకు అలవాటు. ఆ అలవాటు ఉంచండి, కానీ ట్యాబ్‌ను చెడగొట్టకండి. షార్ట్‌కట్లకు ఒంటి అక్షరాలు వాడకండి. స్క్రీన్ రీడరు చదివే పద్ధతిలో ఉన్నప్పుడు టీ అంటే తరువాతి టేబుల్, బీ అంటే తరువాతి బటన్. మీ షార్ట్‌కట్ దానితో కొట్టుకుంటుంది. ఏ షార్ట్‌కట్‌నైనా మార్చుకునే వీలు సెట్టింగుల్లో ఇవ్వండి.

ఇవన్నీ పరీక్షించడానికి ఎన్‌వీడీఏ చాలు. ఆస్ట్రేలియాలో చూపు లేని ఒక ప్రోగ్రామరు 2006లో మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడరు అది. విండోస్ మీద నడుస్తుంది. మీ డెవలపర్లందరి యంత్రాల్లో పెట్టించండి. మొదటి రోజు తల నొప్పి పుడుతుంది, మూడో రోజుకు పది కీలు వస్తాయి. రెండో వారం మానిటరు ఆర్పేసి బిల్లు కొట్టమనండి. ఒక హెచ్చరిక: మీరు కళ్లు మూసుకుని చేసే పరీక్ష, ఆ పని రోజూ చేసేవారి పరీక్షకు సాటి రాదు. నిజంగా వాడేవారిని పిలిచి చూపించండి, వారి సమయానికి డబ్బు చెల్లించండి. 'మంచి పని కదా, ఊరికే చేసిపెట్టండి' అని అడిగే కంపెనీలను నేను చాలా చూశాను. వాళ్లే టెస్టర్లకు జీతాలిస్తారు మళ్లీ.

మన భాష దగ్గర ప్రత్యేకంగా కొన్ని చిక్కులున్నాయి, ఇంగ్లీషు పుస్తకాల్లో ఇవి దొరకవు. మీ తెరలో తెలుగు ఉంటే దాని భాషను తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో ప్రకటించండి. లేకపోతే ఇంగ్లీషు గొంతు ఆ అక్షరాలను తడబడుతూ చదువుతుంది, లేదా మొత్తం మింగేస్తుంది. పాత కస్టమర్ల డేటాలో అను ఫాంట్లతో కొట్టిన పార్టీ పేర్లు ఉంటాయి. తెర మీద అవి తెలుగులా కనిపిస్తాయి గానీ లోపల ఉన్నవి వేరే అక్షరాలు, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. స్క్రీన్ రీడరుకు వేషం కనిపించదు, లోపలి గోలే వినిపిస్తుంది. వాటిని యూనికోడుకు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత కోడు ఉన్న పద్ధతికి, మార్చక తప్పదు. మార్చే ప్రోగ్రాములు దొరుకుతాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి, ఒక మనిషి కూర్చుని చూడాలి. అంకెల సంగతి కూడా వినండి. నేను విన్న ఒక ఇంగ్లీషు గొంతు 1,25,000ను 'ఒకటి... ఇరవై అయిదు వేలు' అని రెండు ముక్కలు చేసి చదివింది. లక్షల దగ్గర మన కామాలు దానికి తెలియవు. మొత్తాలను కామాలు లేకుండా వినిపించే ఏర్పాటు ఉంటే మంచిది. తేదీలను 05/06 అని కాకుండా '5 జూన్' అని రాయండి, అది అందరికీ మంచిదే.

పీడీఎఫ్ బిల్లు గురించి మీరు అడగలేదు గానీ, కస్టమరు తప్పక అడుగుతారు. కొందరు బిల్లును బొమ్మగా మార్చి పీడీఎఫ్‌లో పెడతారు. అందులో చదవడానికి అక్షరమే ఉండదు. అక్షరాలున్న, ట్యాగులున్న పీడీఎఫ్ తయారు చేయడం కొంత శ్రమ. అది కుదిరేదాకా అదే బిల్లును మామూలు వెబ్ పేజీగానూ ఎక్సెల్‌గానూ ఇవ్వండి.

చూపు పూర్తిగా లేనివారి గురించే ఇంతసేపు మాట్లాడాను, మీ కస్టమరు అడిగింది అది కాబట్టి. కానీ మీ సాఫ్ట్‌వేర్ వాడేవారిలో చూపు తగ్గినవారే ఎక్కువ మంది ఉంటారు. యాభై అయిదేళ్ల గుమాస్తా తనను వికలాంగుడని అనుకోడు, బ్రౌజరును 200 శాతానికి పెంచుకుంటాడు, అంతే. పెంచగానే మీ వరుస ఎత్తు బిగించి ఉంటే 'లక్ష్మి ట్రేడర్స్'లో కింది ఒత్తులు తెగిపోతాయి. తెలుగుకు వరుసల మధ్య చోటు ఎక్కువ కావాలి. తెల్లటి నేల మీద అక్షరాల రంగు కనీసం 4.5కు 1 నిష్పత్తిలో తేడా చూపాలని ప్రమాణం. మా డిజైనరుకు ప్రియమైన బూడిద రంగు #777777. లెక్క చూస్తే 4.48 వచ్చింది. ఒక్క మెట్టు నలుపు చేసి #767676 పెడితే 4.54. ఆ రెండు రంగులకు తేడా ఎవరి కంటికీ తెలియదు కదా అని ఆయన వాదించారు. తెలియదు, నిజమే. అందుకే దాని కంటే ఇంకా బాగా ముదురు రంగు పెట్టమన్నాను. గీత మీద నిలబడి నెగ్గాననుకోవడం దేనికి? గడువు తీరిన మందులను ఎర్ర వరుసలతో మాత్రమే చూపిస్తుంటే, పక్కన 'గడువు తీరింది' అన్న మాట కూడా రాయండి. ఎరుపు, పచ్చ తేడా తెలియని మగవాళ్లు మీ కస్టమర్లలో తప్పకుండా ఉంటారు. మందుల వ్యాపారంలో ఆ తేడా చిన్న విషయం కాదు.

చేతులు సరిగా కదలనివారికి కీబోర్డు దారి తెరుచుకుంటే చాలా వరకు మేలు జరిగినట్టే. లాగి వదిలే పనులకు బటన్లు కూడా ఉండాలి, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల చదరమైనా ఉండాలి. వినికిడి లేనివారు మీ సాఫ్ట్‌వేరును హాయిగా వాడతారు, ఇబ్బంది అంతా మీ సర్వీసుతోనే. శిక్షణ వీడియోలకు కింద మాటలు ఉండవు, సమస్య వస్తే ఫోను తప్ప దారి ఉండదు. చాట్ లేదా ఈమెయిలు తెరవండి. ఇక పది నిమిషాలు కదలకపోతే లాగవుట్ చేసే ఏర్పాటు ఉంటే, ముందు హెచ్చరించి సమయం పెంచుకునే బటను ఇవ్వండి, సగం కొట్టిన బిల్లును దాచి ఉంచండి. ఓటీపీ, పాస్‌వర్డు పెట్టెల్లో పేస్టు ఆపేసి ఉంటే ఆ కోడు ఈ రోజే తీసేయండి.

చట్టం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 21వ సెక్షను, సేవలందించేవారు ప్రభుత్వమైనా ప్రైవేటైనా సౌలభ్య నియమాలు పాటించాలని 46వ సెక్షను చెబుతాయి. ఉల్లంఘనకు మొదటిసారి 10,000 రూపాయల దాకా, తరువాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. సాఫ్ట్‌వేరుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 17802, రెండు భాగాలు. ఐరోపా ప్రమాణం ఆధారంగా తయారైంది, వెబ్ వరకు చూస్తే డబ్ల్యూసీఏజీ నుంచి వచ్చినదే. 2023లో దాన్ని కేంద్రం నియమాల్లో చేర్చింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాటూరి కేసులో, ఆ నియమాలు సలహాల్లా ఉన్నాయే తప్ప చట్టం కోరినట్టు తప్పనిసరిగా లేవని తప్పుబట్టి, తప్పనిసరి నియమాలు రూపొందించమంది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంది. కంటి రెప్పలు ఆర్పి చూపితే తప్ప బ్యాంకు కేవైసీ (కస్టమరు గుర్తింపు పరిశీలన) పూర్తికాని పద్ధతి మీద యాసిడ్ దాడి బాధితులు వేసిన కేసు అది.

దీని అర్థం రేపు మీ తలుపు తట్టి ఎవరో జరిమానా వేస్తారని కాదు. మీ కస్టమర్లలో బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు, పెద్ద ఆసుపత్రుల గొలుసులు చేరితే టెండరులోనే ఐఎస్ 17802 అడుగుతారు. అమెరికా కస్టమర్లయితే వీపీఏటీ అనే పత్రం అడుగుతారు, ఏ నియమం ఎంతవరకు పాటిస్తున్నారో మీరే నింపి ఇవ్వాలి. అందులో అబద్ధం రాయకండి, అడిగేవాళ్లకు పరీక్షించడం కూడా వచ్చు.

ఇప్పుడు విడ్జెట్. అలాంటి ఒక కంపెనీ తన కృత్రిమ మేధ పరికరం ఏ వెబ్‌సైటునైనా ప్రమాణాలకు సరిపడేలా మార్చేస్తుందని ప్రచారం చేసుకుంటే, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అది తప్పుడు ప్రచారమని తేల్చి, 10 లక్షల డాలర్లు కట్టేలా 2025లో ఉత్తర్వు ఇచ్చింది. సాంకేతికంగా చూసినా అర్థమవుతుంది. మీ గ్రిడ్‌లో నాలుగో బొమ్మ ఏం చేస్తుందో బయటి స్క్రిప్టుకు ఎలా తెలుస్తుంది? చూపు లేనివారి దగ్గర వారికి అలవాటైన గొంతు, వేగం, సెట్టింగులతో స్క్రీన్ రీడరు ఉండనే ఉంది. దాని మీద ఇంకొక గొంతు వచ్చి పడితే ఇద్దరు ఒకేసారి మాట్లాడినట్టు ఉంటుంది. యాక్స్, వేవ్ లాంటి ఉచిత తనిఖీ పరికరాలు మాత్రం వాడండి. లేబుల్ లేదని అవి చెబుతాయి. ఉన్న లేబుల్ తప్పని చెప్పలేవు: సేవ్ బటనుకు 'బటన్ 1' అని పేరు పెట్టినా వాటి దృష్టిలో పాసే.

ఖర్చు గురించి నా అనుభవం చెబుతాను, మీది వేరుగా ఉండవచ్చు. మాకు అమ్మకం బిల్లు ఒక్కదానికే ఇద్దరు మనుషులకు ఆరు వారాలు పట్టింది. కొనుగోలు స్క్రీనుకు తొమ్మిది రోజులు. తేడా ఎందుకంటే బటను, పెట్టె, వెతుకులాట జాబితా, కిటికీ, గ్రిడ్ అన్న అయిదు ముక్కలనూ మొదటిసారే ఒకచోట బాగుచేసి, ప్రతి స్క్రీనులోనూ అవే వాడాం. మీ కోడులో ప్రతి స్క్రీనుకూ విడివిడిగా బటన్లు రాసి ఉంటే ముందు ఆ చెత్త ఊడవండి. అసలు నష్టం తరువాత వస్తుంది: ఆరు నెలలకు కొత్తగా చేరిన కుర్రాడు మళ్లీ 'డివ్'కు క్లిక్ తగిలిస్తాడు. కీబోర్డుతో బిల్లు కొట్టే పరీక్షను ప్రతి విడుదలకు ముందు చేసే పనుల్లో రాసుకోండి, అది తప్పితే విడుదల ఆపండి. మా దగ్గర రెండుసార్లు ఆపాం. రెండోసారి సేల్స్ వాళ్లు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

కస్టమరుకు రేపే జవాబు రాయండి. 'పనిచేస్తుంది' అని రాయకండి, 'పనిచేయదు' అని కూడా రాయకండి. మౌసు లేకుండా బిల్లు ఎంతవరకు వెళుతోందో, ఎక్కడ ఆగుతోందో, ముందుగా ఏది బాగుచేస్తారో, ఎప్పటికో రాయండి. ఆ అకౌంటెంటు గారు ఏ స్క్రీన్ రీడరు, ఏ బ్రౌజరు వాడతారో కనుక్కోండి. ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లి వారి పక్కన రెండు గంటలు కూర్చోండి. మౌసు ముట్టుకోకండి, 'అక్కడ నొక్కండి' అనకండి, నోటుపుస్తకం తీసుకెళ్లండి. వారు వినే వేగం మీకు మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు, ఈగ రొద చేసినట్టు ఉంటుంది. కాస్త తగ్గించమని అడగండి, ఏమీ అనుకోరు.